ఆశాజనకంగా పరిణమిస్తున్న మా అమ్మాయి

"తమ పిల్లల పరీక్షా ఫలితాలు అర్థం కాని తల్లి గాని తండ్రి గాని ఇకమీదట ఈ దేశంలో ఒక్కరు కూడా మిగలరు!" అని విద్యాశాఖ మంత్రిగారు మైకు పగిలేలా ప్రకటించారు. బళ్ళో పెట్టిన ఆ సభకి వెళ్ళిన తల్లిదండ్రులం మేమంతా చప్పట్లు కొట్టాం. మా ఆవిడ మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంది.

"మిగలరంటే, అర్థం కానివాళ్ళని ఏం చేస్తారట?" అని నా చెవిలో గొణిగింది. దూరదృష్టి గల నాయకుల్ని అనుమానించడం ఆవిడకి పుట్టుకతో వచ్చిన గుణం.

నేను టైలర్ని. మా షాపు బడి గేటుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఆ వేదిక వెనక కట్టిన నీలం గుడ్డ కుట్టింది నేనే కాబట్టి, ఈ మహత్తర పథకంలో మొదటినుంచీ నా చెయ్యి కూడా ఉందని చెప్పుకోవచ్చు. మా అమ్మాయి ఆ బళ్ళోనే నాలుగో తరగతి. దేశంలోని పిల్లలందరికీ ఒకే రోజున, ఒకే పరీక్ష, గుండ్రాలు నింపే పరీక్ష పెట్టారు. దాన్నిబట్టే ఎవరు ఐదులోకి వెళ్ళాలో, ఎవరు నాలుగులోనే ఉండిపోవాలో తేలుస్తారట. అప్పటినుంచీ మా అమ్మాయి పొద్దునా సాయంత్రం ఒకటే అడుగుతోంది.

"నాన్నా, నేను నాలుగులోనే ఉండిపోతే, ఐదో తరగతి బెంచీలో నా చోటు ఎవరికిస్తారు?"

"ఎవరికీ ఇవ్వరులే. అన్నం తిను" అనేవాణ్ణి. లోపల మాత్రం నాకూ భయంగానే ఉండేది.

ఫలితాల కార్డులు సీలు వేసిన కవర్లలో వచ్చాయి. కవరు మీద "పరమ రహస్యం" అని ఎర్రగా ముద్ర. పిల్లల ఆత్మగౌరవం కాపాడటానికి మంత్రిగారు స్వయంగా ఆలోచించి పెట్టిన నియమం అది. కార్డు పక్కింటివాళ్ళకి చూపిస్తే చెల్లదు. షాపు తలుపు దగ్గరికి వేసి, మేమిద్దరం కవరు చింపాం. స్కేలు స్కోరు 418. పర్సంటైల్ 62. బ్యాండ్ 3-బి. స్థితి: ఆశాజనకంగా పరిణమిస్తున్నది. కార్డు అడుగున సన్నగా, చేతికుట్టు వేసినట్టు ఒక గీత. అంచు డిజైను బాగుందనుకున్నాను.

"పాసా, ఫెయిలా?" అంది మా ఆవిడ.

"పరిణమిస్తోంది" అన్నాను.

"ఎటు?"

మర్నాడు బడికి వెళ్ళాను. క్లాసు టీచరమ్మ పాపం మంచిది. "నాకు చెప్పే అధికారం లేదండీ, హెల్ప్ డెస్కుని అడగండి" అని వరండా చివరికి చూపించింది. అక్కడ అవగాహనాధికారి గారు కొత్త కుర్చీలో కూర్చుని ఉన్నారు. తల్లిదండ్రులకు అవగాహన కలిగించడం తప్ప ఆయనకి వేరే పనేదీ లేదు. ప్రభుత్వం ఎంత శ్రద్ధ తీసుకుంటోందో చూడండి.

"సార్, 418 అంటే ఎంతకి?"

"ఎంతకీ కాదు. స్కేలుకి."

"ఆ స్కేలు ఎక్కడ మొదలవుతుంది సార్?"

"మీరు టైలర్లు కదా, టేపు అనుకుంటున్నారు. ఇది అలాంటిది కాదు."

"పోనీ, మా అమ్మాయికి చదవడం వచ్చినట్టా, రానట్టా?"

ఆయన కార్డుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఆ కాలమ్ ఇందులో లేదండీ" అని, నా చేతిలో డెబ్భై రెండు పేజీల కరదీపిక పెట్టారు. మొదటి పేజీలో మంత్రిగారి బొమ్మ. మొదటి అధ్యాయం పేరు "కవరు తెరుచుట ఎలా?". మేము అప్పటికే తెరిచేశాం గనక సగం సిలబస్ పూర్తయినట్టే అనిపించింది.

ఆ కరదీపిక మాకు ఎంతవరకు ఎక్కిందో తేల్చడానికి నెలాఖరులో తల్లిదండ్రులకే పరీక్ష పెట్టారు. నాలుగో తరగతి బెంచీల్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాం. మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. "మీ బిడ్డ పర్సంటైల్, బ్యాండుతో ఏకీభవించునా? (అ) ఎల్లప్పుడూ (ఆ) స్కేలును బట్టి (ఇ) పై రెండూ (ఈ) పై మూడూ." నా పక్కన కూర్చున్న మంగలి నా కాగితంలోకి తొంగి చూశాడు. నేను అతని కాగితంలోకి చూశాను. ఇద్దరం ఒకరినొకరు నమ్ముకుని నాశనమయ్యాం. మా ఆవిడ ఖాళీ కాగితం ఇచ్చి, ఇంటికెళ్ళి వంట చేసుకుంది.

వారం తిరక్కుండానే మా కార్డులూ వచ్చాయి. నాది బ్యాండ్ 1-ఎ. స్థితి: అభివృద్ధికి అపారమైన అవకాశం కలదు. ఇన్నేళ్ళలో నాలో అంత అవకాశం ఎవరూ చూడలేదు. నాకు కళ్ళు చెమర్చాయి.

"అంటే సున్నా అన్నమాట" అంది మా ఆవిడ. ఆవిడకీ 1-ఎ యే.

కార్డు వెనక ఒక నోటు ఉంది. "తమ ఫలితం తమకు అర్థమయ్యే అవకాశం లేనందున, ఇంటిలోని బాధ్యత గల వ్యక్తిని వెంటబెట్టుకుని శనివారం సభకు రావలెను." ఇంట్లో ఇక మిగిలింది మా అమ్మాయే. జడ బిగించుకుని, మా ఇద్దరి కార్డులూ, తన కార్డూ సంచీలో పెట్టుకుని, "అల్లరి చెయ్యకుండా నా పక్కనే కూర్చో నాన్నా" అని చెప్పి మరీ తీసుకెళ్ళింది.

సభకి మంత్రిగారు స్వయంగా వచ్చారు. "అవగాహన నూటికి నూరు శాతం!" అని ప్రకటించి, అందుకు సాక్ష్యంగా ఒక తండ్రిని పైకి పిలవమన్నారు. అవగాహనాధికారి గారు లిస్టు చూసి, ఎక్కువ అవకాశం ఉన్నవాడిగా నన్ను పిలిచారు. బాధ్యత గల వ్యక్తి కాబట్టి మా అమ్మాయి కూడా ఎక్కింది.

"ఏమ్మా, నీ కార్డులో ఏముందో మీ నాన్నకి చదివి వినిపించు" అన్నారు మంత్రిగారు, కెమెరా వైపు చూస్తూ.

"మరి ఇది రహస్యం కదండీ?"

"నా ముందు రహస్యమేంటమ్మా! చదువు, చదువు."

అది కార్డు తీసి మైకు దగ్గరికి జరిగింది. ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పలేదు. పైనుంచి మొదలుపెట్టి, 418, 62, 3-బి అన్నీ చదివి, అడుగున నేను డిజైను అనుకున్న గీత దగ్గరికి వచ్చింది. కార్డుని కాస్త దగ్గరగా పెట్టుకుంది.

"ఇది నమూనా ప్రతి. కార్డు ఎలా ఉంటుందో చూపడానికి మాత్రమే. ఇందులోని అంకెలు ఏ విద్యార్థివీ కావు."

ఎక్కడా తడబడలేదు. కామా దగ్గర ఆగింది, చుక్క దగ్గర ఊపిరి తీసుకుంది. నిజం చెప్పొద్దూ, అది ఏం చదివిందో నాకు వెంటనే బుర్రకెక్కలేదు. ఎంత బాగా చదివిందో మాత్రం ఎక్కింది. నా గుండె ఉప్పొంగిపోయింది.

మూడో వరసలోంచి మంగలి భార్య లేచింది. "మావాడిదీ 418 యేనండీ!" ఆ వెనక ఇంకెవరో "మాదీ!" అన్నారు. ఆ తర్వాత రహస్యం పాటించినవాళ్ళు ఎవరూ లేరు. అవగాహనాధికారి గారు నేను కుట్టిన నీలం గుడ్డ వెనక్కి వెళ్ళి ఎవరికో ఫోను చెయ్యసాగారు.

మంత్రిగారు మాత్రం చెక్కు చెదరలేదు. "చూశారా! అంత చిన్న అక్షరాలు కూడా మన పిల్లలు చదివేస్తున్నారు! ఇదీ మా పథకం ఫలితం!" అని మా అమ్మాయి తల నిమిరి ఫొటో దిగారు. మేము అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టాం.

గేటు దగ్గర టీచరమ్మ మమ్మల్ని ఆపింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "దీని పేరు ఐదో తరగతి రిజిస్టర్లో నేనే రాసేస్తానండీ. నేను విన్నాను కదా, చాలు" అంది.

పది రోజుల తర్వాత, సవరించిన కార్డులు కొత్త కవర్లలో వచ్చాయి. మా అమ్మాయి కవరు చింపి, కటింగ్ బల్ల మీద పరిచింది. స్కేలు స్కోరు 418. పర్సంటైల్ 62. బ్యాండ్ 3-బి. అడుగున ఇదివరకు సన్నని అక్షరాలున్న చోట, మంత్రిగారు నవ్వుతున్న ఫొటో వేశారు.

అది కార్డుని దగ్గరగా పెట్టుకుని చూసింది. తిప్పి వెనక కూడా చూసింది.

"ఈసారి చదవడానికేం లేదు నాన్నా" అని, సంచీ తగిలించుకుని బడికి వెళ్ళిపోయింది.