మ్యాప్‌లో ఎర్రమచ్చ

ప్రపంచాన్ని కాపాడటానికి ఇంకా రెండు సెమిస్టర్లే మిగిలాయి! కొత్త విద్యార్థుల ముందు డైరెక్టరుగారు ఆ మాట ప్రకటించగానే పిడుగు ఒళ్ళు పులకరించింది. పిడుగు అనేది ఇంట్లోవాళ్ళు పెట్టిన ముద్దుపేరు. కాలేజీలో కూడా అదే ఖాయమైంది. కరువు, కాలుష్యం, ఆకలి, అన్నీ డేటా సైన్సుతో చిటికెలో తీరిపోతాయట! ఏసీ చలికి పళ్ళు టకటకలాడుతుండగా అందరూ భూతాపం గురించి శ్రద్ధగా విన్నారు.

రెండో సెమిస్టర్లో పిడుగు ప్రాజెక్టు ఊరి వరద మ్యాప్. పాత వానల లెక్కలు, నేల ఎత్తుపల్లాలు, మురుగుకాలువలు అన్నీ కంప్యూటరుకు తినిపించింది. నీళ్ళు నిలిచే చోట ఎరుపు, నిలవని చోట ఆకుపచ్చ. ఊరు మొత్తంలో మిరపపండులా ఎర్రగా ఉన్నది వాళ్ళ కాలేజీయే! కుంటను పూడ్చి కట్టారు మరి.

డైరెక్టరుగారు కళ్ళజోడు తీశారు, తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు. ఎరుపు పోలేదు.

"వచ్చేవారం ఇక్కడ అంతర్జాతీయ సదస్సు ఉందమ్మా. కాస్త ఆకుపచ్చ వెయ్యి."

"నేను వేసిన రంగు కాదు సార్, లెక్కల్లో వచ్చింది."

"లెక్కలకేం తెలుసు? మోడల్ తప్పని రాసి సంతకం పెట్టు, పాసైపోతావు. లేదంటే ఏడాది గల్లంతే!"

పిడుగు ఇంకో లెక్క వేసుకుంది. పాసైతేనే ఉద్యోగం. ఉద్యోగమొస్తేనే తనను చదివిస్తున్న అక్క రెండో పని మానేసి కాస్త కంటినిండా నిద్రపోతుంది. అక్కకు ఫోను చేసింది.

"సంతకమేగా, పెట్టి పారెయ్యవే! ప్రపంచాన్ని వచ్చే ఏడు కాపాడుదువుగాని," అంది అక్క.

ఆ సాయంత్రం ప్రాజెక్టు గైడుగారు ఆమెను వరండాలో పక్కకు పిలిచారు. "నీ మ్యాప్ శుద్ధ తప్పు! అది సరేగానీ, మా వీధి ఏ రంగులో ఉంది?"

తర్వాత డైరెక్టరుగారే ఫోను చేశారు. "ఊరికే అడుగుతున్నా. నీ వైవా పరీక్ష రోజు వానంటున్నారు. కారు ఎక్కడ పెడితే మంచిదంటావ్?"

"ఫ్లైఓవర్ మీద సార్."

వైవా రోజు పొద్దుటే ఆకాశం కారునలుపైంది. పరీక్షించడానికి కూర్చున్న పెద్దలందరికీ ఒంటిమీద కోట్లు, కాళ్ళకు రబ్బరు చెప్పులు! పిడుగు కిటికీలోంచి చూసింది. కాలేజీలో కార్లు నిలిపే చోటు ఖాళీ. దూరంగా ఫ్లైఓవర్ మీద మాత్రం అందరి కార్లూ బుద్ధిగా వరసకట్టి ఉన్నాయి.

"ఈ ఆవరణలో చుక్క నీరు నిలవదు!" అని డైరెక్టరుగారు బల్ల గుద్దారు.

"మరి సెల్లార్లో పిల్లల బళ్ళున్నాయి సార్. వాళ్ళకీ చెప్పారా?"

"భలేదానివే! వాళ్ళకి చెబితే మ్యాప్ నిజమైపోదూ?"

పిడుగుకు ఒళ్ళు మండింది. సంతకం కాగితం ముందుకొచ్చింది. అక్క గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అయినా పెన్ను పక్కనపెట్టి, ఫోను తీసి, మ్యాప్‌ను క్లాసు గ్రూపులన్నిటికీ పంపేసింది. మరుక్షణం మెట్లమీద గుర్రాల దండు దిగినంత చప్పుడు!

"ఫెయిల్!" అని అరిచారు డైరెక్టరుగారు. ఆ అరుపు ఉరుములో కలిసిపోయింది, వాన దంచికొట్టింది.

ఆఖరి బండి గేటు దాటీ దాటకముందే నీళ్ళు సెల్లార్లోకి దూకాయి. కాసేపటికి వరండా ఎక్కాయి. నిపుణులందరూ చెప్పులు చేతబట్టుకుని డాబా ఎక్కారు. వెనకాలే పిడుగు.

అక్కడుండగా టీవీవాళ్ళ ఫోను వచ్చింది. ప్రత్యక్ష ప్రసారమట! వానహోరులో వినబడక డైరెక్టరుగారు స్పీకరు పెట్టి గొంతు సవరించుకున్నారు.

"ఈ వరదను మా సంస్థ ముందే పసిగట్టింది! మా విద్యార్థిని అమోఘమైన మ్యాప్ తయారుచేసింది. ఆమెకు డిస్టింక్షన్ ఇచ్చాం!"

ఊరంతా వింది. ఇక వెనక్కి తీసుకునే వీల్లేదు. పిడుగుకు అక్కడే గంతులెయ్యాలనిపించింది.

"అంతేకాదు, అందరినీ ముందుగానే హెచ్చరించాం!"

పిడుగు ఫోను దగ్గరికి వంగి, ఎంతో వినయంగా అడిగింది.

"ఎవరెవర్ని సార్?"