నోరున్న స్టీరియో

ఆ రోజుకు డ్రైవింగ్ మాస్టారు వేసుకున్న పథకం చిన్నదే. పొద్దున్నే కారులో కొత్త స్టీరియో పెట్టించడం, మధ్యాహ్నం పళ్ళ డాక్టరమ్మ చేత లైసెన్సు పరీక్ష పాసు చేయించడం, సాయంత్రం కాళ్ళు చాపుకుని కూర్చోవడం. మూడింటిలో మూడోదే ఆయనకు బాగా వచ్చిన పని.

స్టీరియో ఆయన కోరిక కాదు, బావమరిది ఆజ్ఞ. డ్రైవింగ్ స్కూలు మాస్టారిదే గానీ అందులో ఉన్న ఒకే ఒక్క కారు బావమరిదిది. ఆ సంగతిని అతను రోజుకోసారి గుర్తు చేసేవాడు, మందు వేసుకున్నంత క్రమంగా.

"నీ నోటి దెబ్బకి నేర్చుకునేవాళ్ళంతా ఎదుటి వీధి స్కూలుకి పోతున్నారు బావా. ఆ నోటి మీద పాటలైనా పడాలి. డాక్టరమ్మ ఇప్పటికి మూడుసార్లు తప్పింది. ఇవాళ కూడా తప్పిందంటే ఈ కారు ఆ ఎదుటివాళ్ళకే అమ్మేస్తా."

"కారు లేకపోతే నేనేం నేర్పాలిరా? నడకా?"

"నడక నేర్పినా తిడతావు నువ్వు."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మాస్టారికి ఊరితో పేచీ లేదు, స్టీరింగు పట్టుకున్నవాళ్ళతోనే. ఆయన ప్రతి పాఠమూ 'నీ మొహం'తో మొదలయ్యేది. "నీ మొహం, అది గేరా, రోకలా? నీ మొహం, ఆ అద్దం బొట్టు దిద్దుకోవడానికి పెట్టలేదు." రోజంతా ఎదుటివాళ్ళ చేత నోరు తెరిపించే డాక్టరమ్మ, మాస్టారి నోరు తెరుచుకుంటే మాత్రం బిగుసుకుపోయేది.

షాపులో మాస్టారు ఒక చిన్న స్టీరియో మీద వేలు పెట్టారు. "తిప్పడానికి గుండీ ఉంది. ఇది చాలు."

బావమరిది పలకంత తెర ఉన్నదాని ముందు నిలబడ్డాడు. షాపతను వాలు చూసుకుని అటే జరిగాడు. "మీ ఫోనులో ఉన్నవన్నీ ఈ తెర మీదికి వచ్చేస్తాయి సార్. పాటలు, నంబర్లు, దారులు. చేత్తో ముట్టుకోనక్కర్లేదు. నోటితో చెబితే చాలు, మన భాష కూడా వచ్చు దీనికి."

"నా ఫోనులో ఉన్నది నా ఫోనులో ఉంటే వచ్చిన నష్టమేంటి?"

"తెర చిన్నదైతే మనల్ని కూడా చిన్నచూపే చూస్తారు బావా," అన్నాడు బావమరిది. డబ్బు అతనిది కాబట్టి పెద్ద తెరే గెలిచింది.

పాత రేడియో పీకేసరికి వైర్లు పేగుల్లా బయటపడ్డాయి. కన్నం చిన్నది, తెర పెద్దది. షాపతను ఆకురాయి పట్టి అంచులు గీకుతుంటే, తన పళ్ళే గీకుతున్నట్టు మాస్టారు మూలిగారు. చివరికి తెర కూర్చుంది. వెనక కూర్చున్నవాళ్ళ మాట కూడా అందేలా మైకుని కారు పైకప్పుకి లోపల నడిమధ్య అంటించి, మాస్టారి ఫోనుని కలిపాడు షాపతను.

"ఇప్పుడు దీన్ని నిద్ర లేపడానికి ఒక మాట కావాలి సార్. ఆ మాట వినగానే లేచి 'చెప్పండి' అంటుంది. ఆ తర్వాత మీరేమంటే అది చేస్తుంది. రోజూ మీ నోట వచ్చే మాటైతే మరిచిపోరు. ఊఁ, అనండి."

"నీ మొహం! డబ్బిచ్చి కొన్నదాన్ని మళ్ళీ బతిమాలి నిద్ర లేపాలా?"

స్టీరియో టింగుమంది. "చెప్పండి," అంది, తేనె రాసిన గొంతుతో.

షాపతను తల గోక్కున్నాడు. "అదే పట్టేసుకుంది సార్. మార్చాలంటే అంతా మొదట్నుంచీ చెయ్యాలి. రేపు తీసుకురండి. ఒక్క పూట ఆ మాట అనకుండా ఉండలేరా?"

"ఊపిరి పీల్చకుండా అయితే ఉంటాడు," అన్నాడు బావమరిది.

పరీక్షకు వచ్చిన అధికారి ముందు సీట్లో, రెండో బ్రేకు దగ్గర కూర్చున్నాడు. మాస్టారు వెనక. రూలు ఒకటే. నేర్పినవాడు వెనకనుంచి డ్రైవరుతో మాట్లాడాడా, పరీక్ష అక్కడితో సరి. మాస్టారు పెదవులు పళ్ళ మధ్య బిగించి పెట్టుకున్నారు.

డాక్టరమ్మ కారు కదిలించింది. కదిలించి, మొదటి గేరులోనే ఉంచేసింది. ఇంజిను గొంతు చించుకుంటోంది. ఒక సైకిలువాడు దాటేశాడు. పక్కనుంచి కుక్క కూడా దాటేశాక మాస్టారి పెదవులు ఓడిపోయాయి.

"నీ మొహం," అన్నారు తనలో తాను. టింగ్. "ఇలా తోలితే శ్మశానానికే."

ఇంజిను రొదలో అధికారికి ఆ గొణుగుడు వినపడలేదు. నెత్తిమీదున్న మైకుకి వినపడింది.

"చిత్తం. శ్మశానానికి దారి చూపిస్తున్నాను," అంది స్టీరియో. "దయచేసి రెండు వందల మీటర్ల తర్వాత ఎడమకు తిరగండి," అని ఎంతో మర్యాదగా చెప్పింది.

డాక్టరమ్మకు ఆ కారులో మర్యాదగా మాట్లాడిన మొదటి గొంతు అది. ఆమె భుజాలు కిందికి దిగాయి. గేరు మారింది. అద్దం చూసుకుని, సిగ్నలు వేసి, వెన్నలా ఎడమకు తిరిగింది.

అధికారి తెర వైపు చూశాడు. ఇకమీదట పరీక్షలో దారి యంత్రమే చెబుతుందని పై ఆఫీసు ఆ మధ్య ఏదో అంది. తనకు చెప్పకుండానే మొదలుపెట్టేశారేమో! తెలియదని ఒప్పుకుంటే కుర్చీకే చిన్నతనం. "ఊఁ, యంత్రం చెప్పినట్టు పోనివ్వండి," అన్నాడు గంభీరంగా.

మాస్టారు ముందుకు వంగి, మళ్ళీ వెనక్కి తగ్గారు. ఆపమని అరిస్తే పరీక్ష పోతుంది, పరీక్షతో కారు పోతుంది. ఫోను తీసి చూస్తే 'వాహనం నడుస్తోంది, ముందున్న తెర వాడండి' అంటోంది. ఆ తెర అధికారి మోకాళ్ళ ముందుంది.

"నీ మొహం," అని గొణిగారు. టింగ్. అప్పటికి ఆలస్యమైంది, మాట ఆగలేదు. "ఇదంతా బావమరిది చేసిన నిర్వాకం."

"బావమరిదికి ఫోన్ చేస్తున్నాను."

"హలో! బావా! పాసా, ఫెయిలా?" కారు నాలుగు మూలలా బావమరిదే.

"ఎవరిది ఆ గొంతు?" అన్నాడు అధికారి.

"నా దృష్టి పక్కదారి పట్టించడానికి పెట్టుంటారు సార్. నేను పట్టించుకోవడం లేదు," అంది డాక్టరమ్మ, కళ్ళు రోడ్డు మీంచి తీయకుండా. అధికారి మెచ్చుకోలుగా తలూపాడు.

"బావా, పలకవేంటి?"

మాస్టారు ముఖం చేతుల్లో దాచుకున్నారు. "అయిపోయింది. నా కథ ఇక్కడితో అయిపోయింది," అన్నారు ఏడుపు గొంతుతో.

"శ్మశానం ఇంకా ఒక కిలోమీటరు దూరంలో ఉంది," అంది స్టీరియో.

"అక్కో!" అని అవతల ఒక కేక వినపడింది. లైను తెగిపోయింది.

శ్మశానం గేటు ముందు అప్పుడే ఒక శవవాహనం వచ్చి ఆగింది. దానికీ ప్రహరీ గోడకీ మధ్య కారంత జాగా ఉంది. డాక్టరమ్మ ముందుగా చావుకొచ్చినవాళ్ళకి దారి వదిలింది, తర్వాత కారుని వెనక్కి మళ్ళించి, పన్ను చిగుళ్ళలో కూర్చున్నట్టు ఆ సందులో కూర్చోబెట్టింది. "మీరు గమ్యం చేరుకున్నారు," అంది స్టీరియో.

అధికారి దిగి నాలుగు చక్రాలూ చూశాడు. వంక దొరకలేదు. "పాస్. యంత్రం బాగానే ఉంది, పై ఆఫీసుకి అలాగే చెబుతా. గమ్యం మాత్రం కాస్త మార్చమంటాను." అని రోడ్డు మీద పోతున్న బస్సు ఎక్కి వెళ్ళిపోయాడు.

మాస్టారు డాక్టరమ్మకు ఏదో మంచి మాట చెబుదామని వెతుక్కుంటున్నారు. అలవాటు లేక దొరకడం లేదు. ఇంతలో ఒక ట్యాక్సీ దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. అందులోంచి బావమరిది దూకాడు. వెనకే మాస్టారి భార్య. అతను ఎటూ చూడకుండా నేరుగా శవవాహనం మీద పడ్డాడు.

"బావా! ఎంత పని చేశావు బావా! అంతా నా వల్లే! కారు అమ్మేస్తానని బెదిరించాను గానీ, అది నీకే ఇద్దామనుకున్నాను! నువ్వు ఉండుంటే ఇవాళే నీ పేర రాసిచ్చేవాణ్ణి!"

చావుకొచ్చినవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "నాన్నకి ఇంకో బావమరిది కూడా ఉన్నాడా?" అన్నాడు చనిపోయిన పెద్దాయన కొడుకు.

"మరొక్కసారి చెప్పరా, సరిగ్గా వినపడలేదు," అన్నారు వెనకనుంచి మాస్టారు.

బావమరిది తిరిగి చూశాడు. ఏడుపు సగంలో ఆగింది. మాస్టారి భార్య మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"బతికే ఉన్నారా?"

"ప్రస్తుతానికి."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అదే కొంగుతో తమ్ముడి కళ్ళు కూడా తుడిచింది. "సరేరా తమ్ముడూ. నువ్వన్నది ఇంతమంది విన్నారు. కాగితాల మీద సంతకం ఎప్పుడు పెడతావు?"

"అక్కా, అది... దుఃఖంలో ఏదో..."

"శవం ముందు అన్న మాట తప్పకూడదు బాబూ," అన్నాడు పెద్దాయన కొడుకు. అతను కూడా ఆ పూట సొంత మేనమామ నోట అలాంటి మాటే వినాలని ఎదురుచూస్తున్నాడు.

వారం తిరక్కుండా కారు మాస్టారి పేరుకి మారింది. పోయినవాడి గురించి అందరూ మంచే చెబుతారు. చెప్పింది విని వసూలు చేసుకున్నది మాత్రం మాస్టారొక్కరే.