మే పదిహేడులోగా తిరిగి ఇవ్వవలెను

ఆ సోమవారం లైబ్రరీకి సెలవు. లైబ్రేరియన్ గారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, పెళ్లి పనులకు శ్రీకారం చుట్టారు. కూతురి పెళ్లి మే పదిహేడున. ఇంకా అయిదు నెలలుంది.

"తేదీ ఇప్పుడే చెప్పేయాలి. అసలే సెలవుల కాలం, జనం ఎక్కడికి పడితే అక్కడికి పోతారు. శుభలేఖలు అచ్చయ్యేదాకా ఆగితే హాల్లో మనమూ కుర్చీలూ మిగులుతాం."

"ఫోన్లో ఒక మెసేజ్ పెడితే పోలా నాన్నా? ఖర్చు కూడా ఉండదు" అంది కూతురు.

"మెసేజ్‌ని బొటనవేలితో పైకి తోసేస్తారు. చేతికందిన కార్డుని అలా తోసేయలేరు. ఖర్చు లేని కార్డులు మన దగ్గర పెట్టెడున్నాయి."

ఆ పెట్టె చరిత్ర ఇంట్లో అందరికీ తెలిసిందే. లైబ్రరీకి కంప్యూటరు వచ్చినప్పుడు, ఒక్కో పుస్తకం పేరూ టైపు చేసి సొరుగుల్లో పేర్చిన పాత కార్డులన్నీ పారేయమన్నారు. ఆయనకు మనసొప్పక వాటిని ట్రంకుపెట్టెలో నింపి ఇంటికి మోసుకొచ్చి మంచం కిందకు తోశారు. కార్డుకు ఒక వైపు పుస్తకం పేరు, రెండో వైపు ఖాళీ. "రెండేళ్లుగా ఆ పెట్టె నా కాలివేళ్లను తినేస్తోంది. ఇన్నాళ్లకి ఒక పనికొచ్చింది" అంది ఆయన భార్య.

పనులు పంచుకున్నారు. కార్డు ఖాళీ వైపు ఆయన లైబ్రరీ స్టాంపుతో తేదీ ముద్ర కొడతారు. కూతురు కవర్ల మీద చిరునామాలు రాస్తుంది. ముద్ర ఆరాక దాని కింద "ఆ రోజు మా అమ్మాయి పెళ్లి, తప్పక రావాలి" అని భార్య రాస్తుంది. ఆ ఇంట్లో శుభకార్యానికి పనికొచ్చే చేతిరాత ఆవిడదే.

జాబితాలో ఎనభై నాలుగు పేర్లున్నాయి. కూతురు దాన్ని పైనుంచి కిందకూ, కిందనుంచి పైకీ చూసింది. "మేనత్త పేరేది నాన్నా?"

ఆయన స్టాంపు మీది తేదీ చక్రాలు తిప్పుతూ ఉండిపోయారు.

పదకొండేళ్ల క్రితం ఆయన అక్కయ్య లైబ్రరీ నుంచి "గులాబీల పెంపకం" అనే పుస్తకం తీసుకెళ్లి ఏడు నెలలైనా తిరిగి ఇవ్వలేదు. అలాంటివాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద రాయడం ఆయన పద్ధతి. బంధువులకు వేరే పద్ధతి లేదు. కాబట్టి సొంత అక్క పేరును ఒకటో నంబరుగా, ఇంటిపేరుతో సహా రాసిపారేశారు. ఆయన చెయ్యి పట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించింది ఆవిడే. తల్లి పోయాక అన్నం కలిపి పెట్టి పెంచిందీ ఆవిడే. బోర్డు చూసిన రోజు నుంచి ఆవిడ తమ్ముడి గడప తొక్కలేదు. ఆయనా వెళ్లి పిలవలేదు. పంతంలో ఇద్దరూ ఒక తల్లి పిల్లలే.

"అత్త రాకపోతే నాకీ పెళ్లి సగమే" అంది కూతురు.

"పంపుకో. నేనేమన్నా వద్దన్నానా?" అన్నారు ఆయన స్టాంపు వంక చూస్తూ.

ఆయన లెక్కపెట్టి తీసిన కార్డులు ఎనభై నాలుగే. ఇంకొకదాని కోసం పెట్టె మళ్లీ లాగడమెందుకని కూతురు ఆయన బల్ల సొరుగు తెరిచింది. అందులో ఒకే ఒక్క కార్డుంది. రెండో వైపు చూడకుండానే దాని ఖాళీ వైపు మీద తనే ముద్ర కొట్టి, కవరు మీద మేనత్త చిరునామా రాసింది. ఆరిన కార్డులనూ కవర్లనూ, మేనత్తవి రెండూ అడుగున పెట్టి, దొంతులుగా పేర్చి ఆఫీసుకు వెళ్లిపోయింది.

భార్య స్నానానికి వెళ్లింది. ఈలోగా పోస్టాఫీసు నుంచి స్టాంపులు కొనుక్కొచ్చిన ఆయన, బల్ల మీద చక్కటి దొంతి చూసి భార్య రాసేసిందనుకున్నారు. ఒక్కటీ చూడకుండా అన్నీ కవర్లలో పెట్టి, అంటించి, పోస్టు డబ్బాలో వేసి వచ్చారు. స్నానం చేసి వచ్చిన భార్య ఖాళీ బల్ల చూసి, తను ఆలస్యం చేసిందని కూతురే రాసేసిందనుకుంది. సాయంత్రం వచ్చిన కూతురు, అమ్మ రాసే ఉంటుందనుకుంది. ఆ రాత్రి ముగ్గురూ హాయిగా నిద్రపోయారు.

ఆ లైబ్రరీ స్టాంపులో ఉన్నది తేదీ ఒక్కటే కాదు. దాని పైన "ఈ తేదీలోగా తిరిగి ఇవ్వవలెను" అని ఒక లైనుంది. ముప్పై ఏళ్లుగా రోజూ కొడుతున్న ముద్ర కావడంతో ఆయన కంటికి తేదీ తప్ప ఇంకేమీ ఆనకుండా పోయింది. ఇంట్లో పాల లెక్క కాగితం మీద కూడా అదే ముద్ర ఉంటుంది కనుక తల్లీకూతుళ్లూ దాన్ని పట్టించుకోలేదు.

గురువారం ఉదయం బావమరిది ఫోన్ చేశాడు. "బావా! నాకు కోపమెక్కువని నీకెవడు చెప్పాడు?" అని ఫోన్ పగిలిపోయేలా అరిచాడు. అతని కార్డు వెనక "కోపాన్ని అణచుకునే పది మార్గాలు" అని టైపు చేసి ఉంది. "అసలా పుస్తకం నేనెప్పుడు తీసుకున్నాను, తిరిగివ్వడానికి?"

లైబ్రేరియన్ గారికి అర్థమయ్యేలోపే పక్కింటి టైలరు నిచ్చెన మోసుకొచ్చి గుమ్మంలో నిలబెట్టాడు. "పోయినేడు తీసుకున్నాను, మర్చిపోయానండీ. నోరు తెరిచి అడిగితే ఇచ్చేవాణ్ణి కదా, కార్డెందుకు?" అని నొచ్చుకున్నాడు. మధ్యాహ్నానికి రెండు మడత కుర్చీలు, ఒక ఇస్త్రీపెట్టె, పోయాయని ఎవరికీ తెలియని ఆరు లైబ్రరీ పుస్తకాలు వచ్చి చేరాయి. పుస్తకాలు చూసి ఆయన లోలోపల సంబరపడ్డారన్నది నిజం.

సాయంత్రం పెళ్లికొడుకు వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో కార్డు.

"వానలో ఆ రోజు మీరిచ్చిన గొడుగు నాన్నగారు తిరిగి పంపించారు మామయ్యగారూ. ఇంకా ఏమైనా తిరిగివ్వాలేమో కనుక్కోమన్నారు" అన్నాడు కూతురి వంక చూడకుండా. వాళ్ల కార్డు వెనక "మోసగాళ్లను గుర్తించడం ఎలా?" అని ఉంది.

భార్య కార్డు అందుకుని రెండు వైపులా చదివింది. ఆ తర్వాత నెత్తి కొట్టుకుంది. "పెళ్లికొడుకు తండ్రికి కూడా పెళ్లి తేదీ పంపించారా? ఆయనకి తెలియదా ఏమిటి?"

"జాబితాలో ఉన్నారు మరి" అన్నారు ఆయన. అంతలో ఏదో తట్టి కూతురి వైపు తిరిగారు. "అక్కకి ఏ కార్డు పంపావమ్మా?"

"మీ సొరుగులో ఉన్నది."

ఆయన గొడుగు పట్టుకునే కుర్చీలో కూలబడ్డారు.

మర్నాడు పొద్దున్నే అక్కయ్య ఇంటికి వెళ్లి కాళ్లావేళ్లా పడదామని తండ్రీకూతుళ్లు అనుకున్నారు. ముందు లైబ్రరీ తలుపు తీసి వెళ్దామని వచ్చారు. తలుపు తీసిన పది నిమిషాలకే ఆవిడ చెప్పులు టకటకలాడించుకుంటూ లోపలికొచ్చి కార్డును బల్ల మీద కొట్టింది. "గులాబీల పెంపకం" వైపు పైకి ఉంది.

"పదకొండేళ్లయినా వదలవట్రా నన్ను? ఆ పుస్తకం నా దగ్గర లేదు. పోగొట్టాను. రాసుకో నీ బోర్డు మీద!"

పేపర్లు చదువుతున్నవాళ్లంతా తలలెత్తారు. ముప్పై ఏళ్లుగా ఎవరు తుమ్మినా "ష్" అనే మనిషి ఆ రోజు అనలేదు.

"అత్త పోగొట్టలేదు నాన్నా" అంది కూతురు.

"నువ్వూరుకోవే."

"ఊరుకోను అత్తా. నాన్నా, అందులో గులాబీ బొమ్మలన్నీ కత్తిరించి నా నోటుబుక్కులో అంటించుకుంది నేను. అప్పుడు నాకు పదమూడేళ్లు. నా పేరు బోర్డెక్కుతుందని ఏడిస్తే, ‘మీ నాన్నతో నేను చెప్పుకుంటాలే, నువ్వు నోరెత్తకు’ అంది. మీరిద్దరూ మాట్లాడుకోవడం మానేశాక నాకిక చెప్పే ధైర్యం లేకపోయింది."

ఆయన అక్క వైపు తిరిగారు. "నాతో చెప్పుకోలేదేం మరి?"

"నువ్వు అడిగావా? బోర్డు మీద రాశావు" అంది ఆవిడ. కార్డు చేతిలోకి తీసుకుంది. దాని అంచులు చేత్తో తడిమి తడిమి నలిగిపోయి ఉన్నాయి. "మిగతావన్నీ పెట్టెలోవి అత్తా, ఇదొక్కటే నాన్న సొరుగులో ఉంది" అంది కూతురు. "ఎందుకు పెట్టుకున్నావురా?" అంది ఆవిడ.

"పుస్తకం వస్తే కార్డు కావాలి కదా."

"పుస్తకం కోసమేనా?"

"నువ్వొస్తావని అక్కా" అన్నారాయన. జేబురుమాలు కోసం వెతుక్కున్నారు, దొరకలేదు. ఆవిడ తన కొంగు అందించింది. పదకొండేళ్ల బరువు ఆ నిమిషంలో దిగిపోయింది ఇద్దరికీ.

"పిల్లకి పెళ్లని ఊళ్లో విన్నాను. ఎప్పుడు?" అంది ఆవిడ తనూ ముక్కు తుడుచుకుని.

"దాని మీదే ఉంది."

ఆవిడ ముద్ర చదివింది. "తిరిగి ఇవ్వవలెను అని పెళ్లికి పిలిచేవాడివి లోకంలో నువ్వొక్కడివేరా. ఏమివ్వాలో చెప్పు."

"నువ్వొచ్చి గుమ్మంలో నిలబడితే చాలు."

అయినా పద్ధతి పద్ధతే. ఆయన సుద్దముక్క తీసుకుని వెళ్లి బోర్డు మీద కూతురి పేరు ఒకటో నంబరుగా, ఇంటిపేరుతో సహా రాశారు. "సిగ్గులేకపోతే సరి!" అంటూ అక్కయ్య సుద్ద లాక్కుని, దాని కింద గుండ్రటి అక్షరాలతో "మే 17న ఈ పిల్ల పెళ్లి. అందరూ రావాలి" అని రాసింది. అక్క చేతిరాత చెరిపెయ్యడానికి ఆయనకు చేతులు రాలేదు. అది అయిదు నెలలు అలాగే ఉంది.

మే పదిహేడున అక్కయ్య గుమ్మంలో నిలబడి అందరినీ లోపలికి పిలిచింది. ఎనభై అయిదు ఇళ్లవాళ్లూ వచ్చారు. బావమరిది కోపం తెచ్చుకోకుండా ముందు వరసలో కూర్చున్నాడు. వాళ్ల వెనక, ఉతికిన బట్టలు కట్టుకుని, బోర్డు చదివిన లైబ్రరీ జనం యావన్మందీ వచ్చారు.

బోర్డు మీద తేదీ రాయడానికి అరముక్క సుద్ద అయింది. మిగతా ఖర్చంతా భోజనాల దగ్గర అయింది.