మాదాపూర్ మహారణమున చెరోకీ నాన్సీ మొదటి గడి కెక్కిన వైనం

ఏ కాలమున రెండువేల సంవత్సరం రాగానే జగత్తులోని కంప్యూటర్లన్నీ ఒక్కమారు మూర్ఛిల్లునని పండితులు బల్లగుద్ది చెప్పుచుండిరో, ఏ దేశమున నిన్నటిదాకా మేకలు మేసిన రాళ్లగుట్టలు నేడు అద్దాల మేడలై బాటసారుల కన్నులకు మిరుమిట్లు గొలుపుచుండెనో, ఆ కాలమున, ఆ దేశమున, అనగా పందొమ్మిదివందల తొంభైతొమ్మిదవ సంవత్సరం శ్రావణ శుక్రవారం మధ్యాహ్నమున, హైటెక్ సిటీకి కూతవేటు దూరంలో, పేరు చెప్పకపోవడమే మర్యాద అయిన ఒక డేటా ఎంట్రీ సంస్థ మూడవ అంతస్తులో ఘోర సంగ్రామం జరిగెను. రక్తం కారలేదు. టీ మాత్రం ఒలికింది. ఓ వాణీ, వీణ కాస్త పక్కన పెట్టి కీబోర్డు అందుకో తల్లీ, నేను చెబుతాను, నువ్వు కొట్టు.

కారణం వినండి. సప్తసముద్రాల అవతల అమెరికాలో చెరోకీలని ఒక జాతి ఉంది. మన పాఠ్యపుస్తకాలు అలాంటి జాతులన్నిటినీ ఒక్క గాటన కట్టి రెడ్ ఇండియన్లని రాసి చేతులు దులుపుకున్నాయి. వందేళ్ల కిందట అక్కడి సర్కారు గుమాస్తాలు కుటుంబానికో కార్డు చొప్పున రాసి పెట్టారు: ఎవరు చెరోకీలు, చెరోకీలను పెళ్లాడి ఆ జాతి జాబితాలోకి ఎక్కిన తెల్లవారు ఎవరు, ఎవరి పిల్లలు ఎవరు అని. ఆ కార్డుల బొమ్మలు సీడీలెక్కి మాదాపూర్ చేరాయి. ఇప్పుడక్కడ ఎవరికైనా తన ముత్తవ్వ ఎవరో తెలియాలంటే, ముందు ఇక్కడ ఒకమ్మాయి వేలు సరైన మీట మీద పడాలి. బ్రహ్మంగారికి కూడా తట్టని సంగతి ఇది.

ఒక్కో కార్డును ఇద్దరు విడివిడిగా కొడతారు. రెండూ కలిస్తే తథాస్తు. కలవకపోతే ఆ గడి తెర మీద ఎర్రబడుతుంది, తప్పు ఎవరిదో అక్కడి పర్యవేక్షకుడైన పెద్దాయన తేలుస్తాడు. ట్రైనింగులో ఉన్నవారికి ఆఖరి వారంలో పది తప్పులు పడితే, సోమవారం నుంచి ఇంట్లోనే ఉండొచ్చు. ఆ తప్పుల పట్టీ శుక్రవారం ఒంటిగంటన్నరకు పై అంతస్తుకు పోతుంది. ఇక ఇంద్రుడు వచ్చినా మార్చలేడు, ఎందుకంటే పై అంతస్తు వాళ్లు ఇంద్రుణ్ని లోపలికి రానివ్వరు.

అట్టి కురుక్షేత్రమున, బోరబండ వాస్తవ్యురాలు, అంగుళీవేగ నిర్జిత పవమాన, అదే భవనం గేటు కాసే సెక్యూరిటీ గార్డు ఐలయ్యకు ఏకైక పుత్రిక అగు సంధ్య, తొమ్మిది తప్పుల గాయాలతో నిలిచి ఉండెను. సరిగ్గా ఒంటిగంటకు ఆమె తెర మీద పదో గడి ఎర్రబడింది.

కార్డులో ఉన్నది మూడే వరసలు. మొదటి వరసలో నాన్సీ, నలభై ఒక్కేళ్ల చెరోకీ స్త్రీ. రెండో వరసలో ఆమె భర్త హైరం, తెల్లవాడు, పెళ్లి ద్వారా జాతిలోకి వచ్చినవాడు. మూడో వరసలో వారి కూతురు రూత్. 'కుటుంబ పెద్ద' అనే గడిలో సంధ్య నాన్సీ అని కొట్టింది. అదే కార్డు కొట్టిన రవికిరణ్ హైరం అన్నాడు. ఈ రవికిరణ్ భీమవరం కుర్రాడు, జన్మలో ఎవరికీ ఎదురు చెప్పి ఎరగని మహావీరుడు.

అప్పుడు కదిలాడు పెద్దాయన. గుండవరపు వంశాబ్ధి చంద్రుడు, రిజిస్ట్రేషను శాఖ నుంచి రిటైరైన సింహం, కళ్లజోడు ముక్కు చివర ధరించి ముందు లోకాన్ని, పిదప తెరను చూడగల సీతారామాంజనేయులు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. ఆ తోపుకే పక్కబల్ల మీది టీ ఒలికింది.

"చూడమ్మా సంధ్యా! ముప్పైమూడేళ్లు దస్తావేజులు చూసినవాణ్ని నేను. ఆకాశం కిందా భూమ్మీదా, మొగుడు బతికుండగా పెళ్లాం కుటుంబ పెద్ద అయిన కాగితం నా కళ్లబడలేదు. ఆ తెల్ల గుమాస్తా ఎవడో కునుకు తీస్తూ వరస తారుమారు చేశాడు. అలాంటిచోట మగవాణ్ని పైన వెయ్యమని నోటితో చెప్పానా లేదా? రవికిరణ్ వేశాడు. నువ్వు వెయ్యలేదు. తప్పు నీదే."

కావ్యమర్యాద ప్రకారం నాయిక ఇక్కడ దీర్ఘసమాసాలతో బదులివ్వాలి. కాని ఆమెకు ఉన్నది అరగంట, సమాసాలకు సమయం చాలదు.

"సార్, కార్డుల ఏమున్నదో గదే కొట్టాలని మొదటి దినం మీరే చెప్పిన్రు గదా. నాన్సీ ముంగట ఉన్నది, ముంగట కొట్టిన. దీంట్ల నా తప్పేంది?"

"ముందుంటే పెద్దయిపోతుందా?"

"గాయన ఆమె ఇంటికి వచ్చిండు సార్. గీడ రాసే ఉన్నది. పిల్ల గూడ తల్లి తెగలకే పోతదట. కంపెనీ ఇచ్చిన కాయితంల చదివిన."

"ఓహో, ఇల్లరికమా!" సీతారామాంజనేయులు గారి కంఠం పాంచజన్యమై మోగింది. భోజనాలకు లేవబోయినవాళ్లు మళ్లీ కూర్చున్నారు. "ఆత్మగౌరవం ఉన్న మగాడెవడైనా ఇంటిపేరు గుమ్మం బయట విడిచి లోపలికి పోతాడటమ్మా, చెప్పులు విడిచినట్టు? అలాంటి మనిషిని నా జన్మలో నేను చూడలేదు!"

ఆ మాట సంధ్యకు గుచ్చుకుంది. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా ముందు కోపం వచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ నీళ్లు వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

"మా నాయిన గట్లనే వచ్చిండు సార్. మా అమ్మమ్మకు కొడుకులు లేరు. మా రేషన్ కార్డుల మా అమ్మ పోచమ్మ పేరే ముంగట ఉంటది. మా నాయిన గౌరవానికేం కాలే."

సీతారామాంజనేయులు గారు ఒక్క క్షణం తడబడ్డారు. అయినా అన్న మాట వెనక్కి తీసుకుంటే ముప్పైమూడేళ్ల సర్వీసు ఏం కావాలి? ఒంటిగంటా ఇరవై. గణనాథుని వాహనం పేరు పెట్టుకున్న ఆ చిన్న యంత్రం మీద చెయ్యి వేసి, బాణాన్ని 'తప్పు: సంధ్య' అనే చోటికి నడిపించారు. నొక్కడమే తరువాయి.

తలుపు తెరుచుకుంది. ఒక చేత నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్, ఇంకో చేత గేటు రిజిస్టరు ధరించి ఐలయ్య ప్రవేశించాడు. కిందటి వారం ఎవరి క్యారియరో ఎవరో తినేసి గొడవైనందువల్ల, అన్నం అందినట్టు సంతకం తీసుకోవాలని కొత్త ఆజ్ఞ.

"నందిరాజోరి సారూ, మీ బువ్వ వచ్చింది. జర ఈడ సంతకం పెట్టుండ్రి."

సీతారామాంజనేయులు గారి వేలు గాలిలో ఆగిపోయింది. ఎన్నడూ ఎదురు చెప్పని రవికిరణ్‌కు పాపం ఆ రోజే నోరు పెగిలింది. "నందిరాజు ఏమిటండీ? సార్ ఇంటిపేరు గుండవరపు కదండీ?"

"గిన్నెల మీద రాసున్నది గద సారూ," అన్నాడు ఐలయ్య. "నాలుగు గిన్నెల మీద ఉన్నది, మూత మీద గూడ ఉన్నది. నందిరాజు సోమేశ్వరరావు అని. పదకొండు నెలల సంది గదే రాస్తున్న. దినాం తెచ్చిచ్చే సారోళ్ల పక్కింటాయన గూడ నందిరాజు వారి అల్లుడుగారికియ్యి అంటడు."

బ్రహ్మ నుదుట రాసినది ఏ మొక్కుకో పరిహారానికో చెరుగుతుందేమో గాని, ఆడపిల్లకు సారె పెడుతూ తండ్రి స్టీలు గిన్నె మీద చుక్కలు చుక్కలుగా చెక్కించిన పేరు చెరగదు. సోమేశ్వరరావు గారికి పద్మావతి ఒక్కతే కూతురు. ఆమెను కట్టుకున్న నాటి నుంచి మన సింహం, మొదట గుంటూరులోను ఇప్పుడు బాచుపల్లిలోను, మామగారు కట్టించిన గుహలలోనే గర్జిస్తున్నది. ఆ రోజు శ్రావణ శుక్రవారం గనుక గిన్నెల్లో పులిహోర, పూర్ణాలు కూడా ఉన్నాయి.

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి ఇద్దరు దగ్గారు. ఐలయ్యకు జరిగిన యుద్ధం తెలియదు. సారు ముఖం చూసి తానే ఏదో తప్పు చేశాననుకున్నాడు.

"దీంట్ల సిగ్గేముంది సారూ? నేను గూడ ఇల్లరికమే. ఇల్లు మారింది గని మనిషి మారలే. మా అత్త ఉన్నన్ని దినాలు నన్ను కొడుకు లెక్కనే చూసింది." అప్పుడు కనిపించాయి కూతురి ఎర్రటి కళ్లు. "ఏమైంది బిడ్డా?"

"ఏం లేదు నాయినా. ఒక గడి ఎర్రగయ్యింది, గంతే."

సీతారామాంజనేయులు గారు రిజిస్టరు అందుకున్నారు. పేజీలు వెనక్కి తిప్పారు. పదకొండు నెలలు, రోజుకొక వరస, ప్రతి వరసలో నందిరాజు. ముప్పైమూడేళ్లు ఇతరుల దస్తావేజులు చూసినవాడు తన దస్తావేజు చూడడం అదే మొదలు. సంతకం పెట్టారు. కొట్టివేతలు చేయలేదు. పిమ్మట కంపెనీ ఇచ్చిన సూచనల కాగితం బయటికి తీసి, అది ఆ క్షణాన ఆకాశం నుంచి రాలిపడినట్టు మూడో పేజీ చదివి, గొంతు సవరించుకున్నారు.

"కార్డులో ఉన్న వరసే ప్రమాణం. కుటుంబ పెద్ద నాన్సీ. రవికిరణ్, తప్పు నీది."

"మీరే కదండీ చెప్పారు?"

"నేను చెప్పింది మాట నాయనా. ఇది కాగితం."

ఒంటిగంటా ఇరవైతొమ్మిదికి మీట నొక్కారు. ఎర్ర గడి తెల్లబడింది. నాన్సీ మొదటి గడి నెక్కింది, హైరం రెండో వరసలో భార్య పక్కన బుద్ధిగా కూర్చున్నాడు. పెద్దాయన నోటిమాట నమ్మి అంతకు ముందు రవికిరణ్ మగవాణ్ని పైకెక్కించి సరిదిద్దిన మూడువందల పన్నెండు కార్డులు మళ్లీ మొదటికి వచ్చాయి. వాటిని అతను ఒక్కడే కొట్టాలి. వీరుల పాట్లు ఇట్లుండును.

సాయంత్రం గేటు దగ్గర సీతారామాంజనేయులు గారు ఖాళీ క్యారియర్ ఊపుకుంటూ ఆగారు. "ఐలయ్యా, ఆ రిజిస్టర్లో రేపట్నుంచి గుండవరపు అని రాయకూడదటయ్యా?"

"ఎందుకు రాయం సారూ, రాస్తం. గిన్నెలు మార్చుండ్రి. మీద ఏమున్నదో గదే రాయాలె, మా బిడ్డ చెప్పింది."

సకల జనులారా, వినుడు! యూపీఎస్‌లు శంఖములై కూయగా, ప్రింటర్లు భేరులై మ్రోయగా ప్రకటించుచున్నాను: ఆ వారాంతమున సంధ్య తప్పులు తొమ్మిది. పది కాదు, తొమ్మిది! సోమవారం ఆమె పనికి వచ్చింది. క్యారియర్ కూడా వచ్చింది, అవే గిన్నెలతో.