డైనింగ్ టేబుల్ మీద సహజ సంభాషణ

మీ ఇంట్లో మీరు మాట్లాడుకునే మాటల్ని ముక్కూమొహం తెలియని వాళ్లెవరో రికార్డు చేసుకుపోతామంటే మీకు కోపం వస్తుందా? రాకూడదు! ఎదురెళ్లి కుర్చీ వెయ్యాలి.

ప్రైవసీ, ప్రైవసీ అని గుండెలు బాదుకునే మేధావులతో నాకు పేచీ ఉంది. దాచుకోవడానికి ముందు మన దగ్గర మాటలంటూ ఉండాలి కదండీ? ఉన్నాయో లేవో మీరెప్పుడైనా చూసుకున్నారా? నేను చూసుకోలేదు. వాళ్లే వచ్చి చూశారు.

మామూలు జనం మామూలుగా ఎలా మాట్లాడుకుంటారో పరిశోధించే సంస్థ ఒకటి మా ఇంటిని ఎంపిక చేసింది. ఇంట్లో నేను, మా ఆవిడ, కాలేజీలో చదివే మా అమ్మాయి, మా అమ్మ. సంస్థ తరఫున ఒక పిల్ల వచ్చింది. రికార్డరమ్మాయి అని మేమే పేరు పెట్టుకున్నాం. సబ్బుపెట్టెంత మెషీన్ డైనింగ్ టేబుల్ మీద పెట్టి, "మీరు రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి సార్. వారం తర్వాత వచ్చి వింటాను" అంది.

మనం దగ్గినా, నసిగినా, ఒకరి మాటకు ఒకరు అడ్డొచ్చినా పొల్లుపోకుండా రాసుకుని అధ్యయనం చేస్తారట! నా దగ్గును అధ్యయనం చేసే మనిషి కూడా ఈ భూమ్మీద ఉందా అని ఒళ్లు పులకరించింది. మా డాక్టరు ఇంతవరకు ఆ పని చేయలేదు.

వారం తిరిగేసరికి రికార్డరమ్మాయి మొహం వేలాడేసుకుని వచ్చింది.

"మెషీన్ పాడైందేమో అనుకున్నాం సార్. చెక్ చేశాం, బాగానే ఉంది. మీ ఇంట్లోనే... మాటలు లేవు సార్" అంది.

లేకపోవడమేమిటి? టీవీలో యాంకర్ అరుస్తూనే ఉన్నాడు. మా అమ్మాయి ఫోన్‌లో ఎవరెవరో పాడుతూనే ఉన్నారు. "ఛార్జరేదీ?" అన్న నా గొంతు ఖంగుమని మోగుతోంది. ఫ్రిజ్ తలుపు మూయకపోతే వచ్చే కూత కూడా ఉంది. ఇవేవీ లెక్కలోకి రావట! మనిషికీ మనిషికీ మధ్య జరిగితేనే సంభాషణట!

"ఒక్క పెద్దావిడ గొంతే ఉందండీ. ఆవిడ ఏదో అడుగుతారు. ఎవరూ పలకరు. కాసేపాగి ఆవిడే జవాబు చెప్పుకుంటారు."

అదీ మా అమ్మంటే! ప్రశ్నకు గానీ జవాబుకు గానీ ఇతరుల మీద ఆధారపడని మనిషి. స్వయంసమృద్ధి అంటే ఇంకేమిటి? ఇందులో మొహం వేలాడేసుకోవలసిన విషయం నాకైతే కనిపించలేదు.

అయినా ఇంటి పరువు సమస్య. ఆ రోజే కూర్చుని సహజ సంభాషణ ఒకటి రాసి, కాపీలు తీయించి అందరికీ పంచాను. "ఈ సాయంకాలం వాతావరణం ఎంతో ఆహ్లాదకరంగా ఉన్నది నాన్నగారూ" అని మా అమ్మాయి మొదలుపెట్టాలి. "అవునమ్మా, నీ విద్యాభ్యాసం ఎలా సాగుచున్నది?" అని నేను. ఇక్కడ అందరూ సహజంగా నవ్వాలని రాసి, ఎర్ర ఇంకుతో అండర్‌లైన్ కూడా చేశాను. మా ఆవిడ తన భాగాన్ని రైల్వే అనౌన్స్‌మెంటులా చదివింది. మా అమ్మకు "అవును" అన్న ఒక్క డైలాగే ఇచ్చాను. ఆవిడ కాగితం పక్కన పడేసి, "ఏరా, ఎవరైనా పోయారా? ఇంత మర్యాదగా మాట్లాడుకుంటున్నారు?" అంది.

మొత్తం రికార్డింగులో పనికొచ్చింది ఆ ఒక్క ముక్కేనని రికార్డరమ్మాయి తేల్చేసింది. రచయితగా నాకు ఇంతకన్నా ఘోరమైన రివ్యూ రాలేదు!

"భోజనాల దగ్గర ఫోన్లు, టీవీ కట్టేసి కూర్చోండి సార్, చాలు" అని చెప్పి వెళ్లింది.

కూర్చున్నాం. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. మా అమ్మాయి ఉప్పు ప్యాకెట్ మీద ఉన్నదంతా చదివేసింది. ఆఖరికి మా ఆవిడే తెగించి, "ఈ సోఫా రంగు అసలెవరు సెలెక్ట్ చేశారండీ?" అంది. అంతే! నేను కాదని నేను, మీరేనని ఆవిడ, ఇద్దరికీ టేస్టు లేదని మా అమ్మాయి!

"ఒకళ్ల తర్వాత ఒకళ్లు మాట్లాడండర్రా, లైన్లు కలిసిపోతున్నాయి" అంది మా అమ్మ.

"లైన్లేంటి నాన్నమ్మా?"

"టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చేసేదాన్ని కదే, మీ నాన్న పుట్టకముందు."

"నువ్వు జాబ్ చేశావా!"

మా అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. నాన్నమ్మ ఉద్యోగం చేసిందన్న సమాచారం దానికి సైన్సు ద్వారా అందింది. ఇక టేబుల్ దగ్గర నుంచి ఎవరమైనా లేస్తే ఒట్టు! ఎవరి కాల్ కలుపుతూ తను ఏడ్చిందో, తిట్టిన సూపర్‌వైజర్‌కు కావాలని రాంగ్ కనెక్షన్ ఎలా ఇచ్చిందో, మా అమ్మ రోజూ చెబుతూనే ఉంది. మా ఆవిడ అడ్డుప్రశ్నలు వేస్తూనే ఉంది. నేనూ ఒకటి రెండుసార్లు నోరు తెరిచాను గానీ సందు దొరకలేదు. అది నాకెంత బాగుందో చెప్పలేను.

కాబట్టి ప్రభుత్వానికి నా విజ్ఞప్తి. కరెంటు మీటరు, నీళ్ల మీటరు ఉన్నట్టే ఇంటింటికీ మాటల మీటరు బిగించాలి. కోటా తగ్గిన ఇంటికి ఫ్యూజు పీకేయాలి! కన్నతల్లి "తిన్నావా?" అంటే పలకని వాడు, పరాయివాళ్లు వింటున్నారంటే గడగడా మాట్లాడతాడు. ఇంత చక్కని గుణాన్ని దేశం వాడుకోవద్దా?

మొన్న రికార్డరమ్మాయి వచ్చింది. "చాలా బాగా వచ్చింది సార్, ఇంక మాకు సరిపోతుంది" అని మెషీన్ బ్యాగులో వేసుకుంది. ఫస్ట్ క్లాసులో పాసైనట్టు పొంగిపోయాం. ఆ పిల్ల గుమ్మం దాటేలోగా మా అమ్మాయి ఫోన్ అందుకుంది, మా ఆవిడ టీవీ పెట్టింది, నేను ల్యాప్‌టాప్ తెరిచి ఈ వ్యాసం మొదలుపెట్టాను.

మా అమ్మ మాత్రం మెట్ల దాకా వెళ్లింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి చెబుతుంటే, తెరిచిన తలుపులోంచి నాకు వినిపించింది.

"బాగా వచ్చిందని ఎందుకన్నావు తల్లీ? సరిగ్గా రాలేదని చెప్పు. ఇంకో నెల మాట్లాడాలని చెప్పు. నీ మాటైతే వింటారు."