తెల్లవారుజామున వచ్చిన సాయంత్రం

గ్రీకుదేశపు ఒక రేవు ఊళ్లో చుక్కలన్నీ నికాండ్రోస్ పెరట్లోని నిచ్చెన ఎక్కే ఆకాశంలోకి పోయేవి. అందువల్ల ఆయనకు ఏళ్లుగా ఒక సందేహం. వేగుచుక్క ఫాస్ఫరస్, సందెచుక్క హెస్పెరస్ అన్నదమ్ములైతే, ఒకరు ఎక్కే నెలల్లో రెండోవారు ఎందుకు రారు? ఆయన భక్తిపరుడు కనుక ఎవరినీ అడగలేదు. ఇద్దరికీ చెరో గుడి, చెరో పూజారి ఉన్నారు.

ఇంతలో కూతురు మెలిట్టా పెళ్లి కుదిరింది. సందెచుక్క ముందు నడిస్తేనే పెళ్లికూతురు పుట్టింటి గడప దాటాలని అక్కడి ఆచారం. హెస్పెరస్ మాత్రం రావడం లేదు. మన మూఢంలో లాగే పెళ్లిళ్లన్నీ ఆగిపోయాయి.

వియ్యపురాలు వచ్చి కూర్చుంది.

"ఎల్లుండి సాయంత్రం మావాడు ఓడెక్కుతున్నాడు, అన్నయ్యగారూ. మీ చుక్క వచ్చేదాకా ఆగితే వాడి గడ్డం నెరుస్తుంది. ఈలోగా పిల్లను పంపితే సరే, లేదంటే ఈ సంబంధం లేదనుకోండి."

మర్నాడు వేకువన ఫాస్ఫరస్ నిచ్చెన మీద కాలు పెడుతుండగా నికాండ్రోస్ చేతులు జోడించాడు.

"స్వామీ, తమ తమ్ముడుగారు ఎక్కడున్నారు?"

"తమ్ముడెవరయ్యా? పొద్దుటా నేనే, సాయంత్రమూ నేనే."

నికాండ్రోస్‌కు ఒళ్లు గగుర్పొడిచింది. ఒక్క వెలుగే పగటికి రెండు వైపులా కాపు కాస్తోందన్నమాట! పరుగున వేగుచుక్క గుడికి వెళ్లాడు.

పెద్ద పూజారి శాంతంగా విన్నాడు. "రెండు గుళ్లు కట్టేశాక దేవుడొక్కడే అంటావేమయ్యా? రెండో పూజారిని ఎక్కడికి పొమ్మంటావు?"

అయితే ఆయన దయలేనివాడు కాదు. రెండో పూజారితో ఆలోచించి చాటింపు వేయించాడు: రేపటి తెల్లవారుజామును సాయంత్రంగా భావించవలెను. ఆ వేళకు వచ్చే చుక్క హెస్పెరస్ అగును.

ఊరు ఆ ప్రకారమే నడుచుకుంది. తెల్లవారుజామున రాత్రి భోజనాలు వడ్డించి, పిల్లలను నిద్రపుచ్చారు. కోళ్లు కూస్తే బుట్టలు బోర్లించారు. మెలిట్టా గడప దాటింది. ముందు చుక్క, వెనక దివిటీలు.

సగం దారిలో సూర్యుడు పైకి వచ్చాడు. చుక్క ఇక ఎవరికీ కనిపించలేదు. ఎవరూ దివిటీ ఆర్పలేదు.

"బాగా చీకటి పడింది కదూ?" అన్నాడు పెద్ద పూజారి.

"అవునండీ," అన్నాడు నికాండ్రోస్, ఎండకు కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని.

అప్పుడు నికాండ్రోస్ చెవి పక్కన చుక్క చల్లని గొంతు వినిపించింది. "నీ పెళ్లినాడు మబ్బు కమ్మడంతో, నిన్నూ నీ పెళ్లికూతురినీ ఈ మలుపులోనే వదిలేశాను. మిగిలిన వీధి నేను నీకు బాకీ."

ఆ బాకీ తీర్చడానికి, కనిపించని ఆ వెలుగు ఎండలో వీధి చివరి గడపదాకా వాళ్ల ముందు నడిచింది.