ఒక ఆఫీసు, ముగ్గురు తాతలు

"ఇవ్వనంటే ఇవ్వనంతే అత్తయ్యా. ఇంకోసారి అడక్కండి."

"నేనడిగానా? మీ మేనేజరు గారు అడిగారు. నేను గుర్తు చేశాను."

"నిన్నటి నుంచీ గుర్తు చేస్తూనే ఉన్నారు."

అచ్చమ్మ చిక్కుడుకాయ ఈనె లాగి పళ్ళెంలో పడేసింది. "అయినా ఆ గుడ్డలు వాడు నీకోసం కుట్టించుకున్నాడా, నాకోసం కుట్టించుకున్నాడా? ఊళ్ళో పిల్లల కోసం కుట్టించుకున్నాడు."

ఎలీసబెతు క్యారేజీ సర్దుకుంటోంది. తగువంతా బీరువా పైఅరలో దుప్పటి చుట్టి పెట్టిన క్రిస్మస్ తాత వేషం గురించి. ఆమె బందరులో ఒక రొయ్యల మేత కంపెనీ బ్రాంచి ఆఫీసులో గుమాస్తా. ఏటా డిసెంబరులో అక్కడ అసలు పండక్కి ముందే సెమీ క్రిస్మస్ చేస్తారు. ఆఫీసు మొత్తానికి క్రైస్తవురాలు ఆమె ఒక్కతే అయినా పండగ మాత్రం అందరిదీ. దివిసీమ నుంచి డీలర్లు పిల్లాపాపలతో వచ్చి, కేకు తిని, కొత్త క్యాలెండర్లు పట్టుకుపోతారు. తాత వేషం ఎప్పుడూ ఎలీసబెతు భర్త డేవిడ్ రాజుదే. అతను అవనిగడ్డ రూటులో బస్సు కండక్టరు. ఆ ఒక్క రోజుకూ సెలవు పెట్టి మరీ వచ్చేవాడు.

మొన్న ఆగస్టులో బస్టాండులో టీ తాగుతుండగా గుండె ఆగి పోయాడు.

ఆ ఎర్ర కోటు కాలరుకు అతని తల నూనె వాసన ఇంకా ఉంది. ఇంకొకరు తొడుక్కుంటే పోతుంది. ఆమె భయమంతా అదే. కానీ అది అత్తగారితోనైనా, మేనేజరుతోనైనా చెప్పుకోగల మాట కాదు.

ఫోను మోగింది. ఆఫీసు నుంచి బిందు.

"అక్కా, సాయంత్రం పార్టీకి తాత డ్రెస్సు తెస్తున్నావా అని మేనేజరు గారు అడగమన్నారు. నీకు ఇబ్బందైతే వద్దక్కా."

"ఇబ్బందేముంది బిందూ, ఇంట్లో ఉంటేగా! పెడనలో మా ఆడపడుచు గ్రేసు పట్టుకెళ్ళింది. వాళ్ళ చర్చి పిల్లలకి కావాలంది."

అచ్చమ్మ చేతిలో చిక్కుడుకాయ విరగకుండా ఆగిపోయింది. కోడలు ఫోను పెట్టేశాక, "ఇందాక ప్రార్థన చేసిన నోరేనా ఇది?" అంది.

ఎలీసబెతు చెప్పులేసుకుని గుమ్మం దిగింది.

అబద్ధం ఆ ఫోనుతోనే ఆగిపోయి ఉంటే బాగుండేది. కానీ ఆఫీసులో అందరూ మంచివాళ్ళు. వచ్చిన చిక్కంతా అక్కడే.

అకౌంటెంటు శ్రీహరికి పెడనలో బావ ఉన్నాడు. "ఇంత మాత్రానికి ఆవిణ్ణి ఇబ్బంది పెట్టడమెందుకు?" అనుకుని, గ్రేసు ఇంటికెళ్ళి డ్రెస్సు పట్రమ్మని బావకు చెప్పాడు. గ్రేసు ముందు తెల్లబోయింది. తర్వాత, అన్నయ్య బట్టలు వదిన ఎక్కడో పోగొట్టుకుని, ఆఫీసులో చెప్పుకోలేక తన పేరు చెప్పి ఉంటుందని తేల్చుకుంది. వదిన పరువు కాపాడాలని చర్చికి పరిగెత్తి, సండే స్కూలు పిల్లవాడి కోసం కుట్టిన తాత డ్రెస్సు తెచ్చి ఇచ్చేసింది.

బిందుకేమో అసలు అడిగినందుకే మనసు చివుక్కుమంది. ఫీల్డు పని మీద మొవ్వ వైపు వెళ్తున్న హేమంత్‌తో, "ఎలీసబెతక్కకి తెలియకుండా ఇంకోటి ఎక్కడైనా అద్దెకు దొరుకుతుందేమో చూడు," అంది. హేమంత్ కూచిపూడిలో నాటకాల వేషాలు అద్దెకిచ్చేవాడి దగ్గర ఆగి, ఎర్ర బట్టలూ తెల్ల గడ్డమూ కావాలన్నాడు. ఆ పెద్దమనిషి ఎర్ర పట్టుపంచె, మునీశ్వరుడి గడ్డం, జటాజూటం మూటగట్టి ఇస్తూ, "ఏ తాతయితేనేం బాబూ, తాత తాతే కదా," అన్నాడట.

మేనేజరు కాంతారావు గారిది పాత పద్ధతి. ఏదైనా అడగాలంటే, అది పెడనలో ఉన్నా సరే, ఆ ఇంట్లో పెద్దవాళ్ళనే అడగాలంటారు. మధ్యాహ్నం ఎలీసబెతు ఆఫీసులో కాగితపు గ్లాసులు లెక్కపెడుతుండగా, ఆయన జీపు ఆమె ఇంటి ముందు ఆగింది. అచ్చమ్మ బీరువా తెరిచి దుప్పటి మూట తీసిచ్చింది.

ఎలీసబెతు మనసు నొప్పించకూడదని ఎవరికి వారే ఈ సంగతి రహస్యంగా ఉంచారు.

సాయంత్రం గోడౌను మీది హాలు డీలర్లతో నిండిపోయింది. రంగుకాగితాలు కట్టినా, కేకు పెట్టినా, కింద నుంచి రొయ్యల మేత వాసన వస్తూనే ఉంది. పాట అయిపోగానే ముందు గుమ్మంలోంచి "హ్యాపీ క్రిస్మస్!" అంటూ శ్రీహరి వచ్చాడు. చొక్కా చేతులు మోచేతుల దగ్గర, లాగు మోకాళ్ళ దగ్గర ఆగిపోయాయి. అదే క్షణంలో వెనక గుమ్మంలోంచి "హ్యాపీ క్రిస్మస్!" అంటూ జటాజూటంతో హేమంత్ వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నిలబడిపోయారు.

"ఏంటండీ, ఈ ఏడు తాతల మీద కూడా స్కీమ్ పెట్టారా?" అన్నాడు నాగాయలంక డీలరు సీతారామయ్య.

హాలంతా నవ్వింది. ఎలీసబెతుకు కూడా పెదవి కదిలింది. అంతలో మెట్ల మీద మూడో తాత కనిపించాడు. వెనక నుంచి వెలుగు పడుతోంది. మొహం తెలియడం లేదు, కోటు ఒక్కటే తెలుస్తోంది. రెండో గుండీ ఎడంగా కుట్టింది తనే. ఆమె కుర్చీలోంచి సగం లేచింది.

వెలుగులోంచి ఇవతలికి వచ్చాక, గడ్డం మీద కాంతారావు గారి కళ్ళజోడు కనిపించింది. ఆమె మళ్ళీ కూర్చుంది.

"రెండు తాతలకి ఒకటి ఫ్రీ!" అని సీతారామయ్య ఇంకా ఏదో అనబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

కాంతారావు గారు గాభరాగా చాక్లెట్ల సంచి అందుకోబోయి వంగారు. డేవిడ్ రాజు బక్కపలచని మనిషి. మేనేజరు గారు లావు మనిషి. వీపు మధ్య కుట్టు పర్రుమని చిరిగిపోయింది. ఎవరూ నవ్వలేదు.

"అమ్మా, మీ అత్తగారిని అడిగే తీసుకున్నానమ్మా..."

"మేడం, పెడనలో మీ ఆడపడుచుగారే ఇచ్చారని మా బావ..."

"మీ డ్రెస్సు కాదు మేడం, నాది కూచిపూడిదండీ."

"తప్పంతా నాదేనక్కా, నేనే పంపాను," అని బిందు ఏడుపు మొదలుపెట్టింది.

ఎలీసబెతుకు ఎవరి మొహమూ చూడాలనిపించలేదు. పొద్దున ఆడిన అబద్ధం మూడు వేషాలు వేసుకుని అందరి ముందూ నిలబడింది. లేచి వెళ్ళిపోదామని సంచి చేతిలోకి తీసుకుంది. ఇంకెప్పుడూ డిసెంబరులో ఈ మెట్లు ఎక్కకూడదనుకుంది.

అప్పుడు సీతారామయ్య మనవరాలు, ఆరేళ్ళ దుర్గ, ముగ్గురి గడ్డాలూ పరీక్షగా చూసి, "టికెట్ల తాత ఏడి?" అంది.

డేవిడ్ రాజు పిల్లలకు ఊరికే చాక్లెట్ ఇచ్చేవాడు కాదు. రంగుకాగితం చింపి, "ఎక్కడికమ్మా?" అని అడిగి, టికెట్టు కొట్టి ఇచ్చేవాడు. ఏడాదికోసారి వచ్చే ఈ పిల్లకు ఆగస్టు సంగతి ఎవరు చెబుతారు?

"టికెట్ల తాత ఏడి?" పిల్ల ఇంకా గట్టిగా అడిగింది.

"ఇంక రాడమ్మా," అంది ఎలీసబెతు. ఆ మాట ఆమె ఇంతవరకూ పైకి అనలేదు. పిల్ల కింది పెదవి వణికింది. ఎలీసబెతు సంచి కింద పెట్టి, గోడ మీది రంగుకాగితం ఒకటి లాగింది.

"నువ్వెక్కడికి?"

"చందమామ దగ్గరికి."

"అక్కడ మన బస్సు ఆగదు. సముద్రం ఒడ్డున పాలకాయతిప్ప దాకా ఇస్తాను. అక్కడ దిగి పడవెక్కు."

మాటలు అతనివే. గొంతే ఆమెది. పిల్లలు వరసకట్టారు. వాళ్ళ వెనక హేమంత్ జట సర్దుకుంటూ నిలబడ్డాడు. చివర కాంతారావు గారు ఒక చేత్తో వీపు చిరుగు పట్టుకుని, "నాకు గుడివాడకివ్వండమ్మా," అన్నారు.

"లోపలికి జరగండి సార్, ఫుట్‌బోర్డు మీద నిలబడకూడదు," అంది ఎలీసబెతు.

హాలు గొల్లున నవ్వింది. ఆగస్టు నుంచి తన మాటకు ఎవరూ నవ్వలేదని ఆమెకు అప్పుడే తెలిసింది.

చిరిగిన కోటుతో ఆటోలో ఇంటికి వస్తూ కాలరు ముక్కు దగ్గర పెట్టుకుంది. కాంతారావు గారి నొప్పుల మందు వాసన. అంతే. ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉంది. ఆటో అబ్బాయి అద్దంలో చూసి పాటలు ఆపేశాడు.

ఇంట్లో గ్రేసు పెడన నుంచి వచ్చి కూర్చుంది. "వదినా, అన్నయ్య డ్రెస్సు పోయిందనుకున్నానే!" అంటూ చేతులు పట్టుకుంది. ఎలీసబెతు కొడుకు రత్నరాజు అన్నం ముందు కూర్చుని పెద్దవాళ్ళ మొహాలు చూస్తున్నాడు.

అచ్చమ్మ తల ఎత్తలేదు. "తిట్టదల్చుకుంటే తిట్టు. రోజూ రాత్రి ఆ బీరువా తలుపు చప్పుడు వింటున్నాను. నువ్వు ఏడ్చి పడుకుంటావు, నాకు నిద్ర పట్టదు. వాడు నాక్కూడా పోయాడు."

ఎలీసబెతు తిట్టలేదు. అత్తగారి కంచంలో చిక్కుడుకాయ కూర వేసింది. తర్వాత గ్రేసుకూ కొడుక్కూ వడ్డించింది. తనూ కూర్చుని అన్నం కలుపుకుంటూ, రేపు పాలవాణ్ణి అరలీటరు ఎక్కువ పొయ్యమనండి అన్నంత మామూలుగా చెప్పింది.

"వచ్చే ఏడు నుంచీ ఆఫీసులో తాత వేషం నేనే వేస్తాను."

రత్నరాజు ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. "ఆడమనిషివి, నువ్వా వదినా?" అంది గ్రేసు. అచ్చమ్మ కోటు దగ్గరికి లాక్కుని, చిరుగు వెడల్పు వేళ్ళతో కొలిచి, కోడల్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

"అయితే ఈ చిరుగు కలిపి కుట్టించకు. ఇంకో జానెడు గుడ్డ వేయించు."